తొమ్మిదో గనిలో చీకటి

కర్టిస్ పోల్‌మన్ మెడ ఎర్రగా కమిలి ఉంది, చెవి కింద మంగలి కత్తెర గీసిన గాటు ఇంకా ఆరలేదు, ఇవాళ్టి కోసం క్షవరం చేయించుకుని వచ్చాడన్నమాట, ఇన్నేళ్లుగా నేను ద్వేషిస్తున్న మనిషి మెడను ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. జడ్జి కుర్చీ ఆటగాడి కుడి భుజం వెనక, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉండాలి. ఆ నిబంధన రాసింది నేనే. రాసినప్పుడు ఎవరి భుజాన్ని తలుచుకున్నానో మార్లాకు తెలుసు. మార్లా, ఇంటిపేరు విట్‌కే, పాత వీడియో ఆటల్లో ఎవరి స్కోరు ఎంతో నమోదుచేసే మా బోర్డుకు పెద్ద. కంప్యూటరు ముందు కూర్చుని అందరూ చూస్తుండగా ఆట పాత మెమరీని తుడిచేస్తోంది, తుడిచానని చెయ్యెత్తి చూపిస్తోంది. కౌంటీ సంతలో దూడలకు బహుమతులిచ్చే హాలు ఇది, ఎన్నిసార్లు కడిగినా పేడ వాసన పోదు, దాని మీద ఇప్పుడు చిల్లీ అనే మాంసం పులుసు వాసన, దాల్చినచెక్క రొట్టెల వాసన, జనం గిన్నెలు ఒళ్లో పెట్టుకుని తింటూ చూస్తున్నారు. వెనక బెంచీలో ఎవడో నన్ను చూపించి, వెర్లిన్‌గారి మొహం చూస్తే చిల్లీలో ఉప్పు మరిచిపోయారేమో అనిపిస్తోందన్నాడు, నలుగురు నవ్వారు. నవ్వనీ. కర్టిస్ తెచ్చుకున్న స్టిక్కు పెట్టెను మరలు విప్పి చూశాను, బటన్ను దానంతటదే నొక్కే చిప్పు ఏదైనా దాచాడేమోనని తీగ తీగా వేలితో తడిమాను. లేదు. ఉంటే బాగుండేది.

పరీక్ష ఏమిటంటే, ఈ వసంతంలో అతను బోర్డుకు పంపిన రికార్డింగు అతని చేతిది కాదని నేనన్నాను. చచ్చిపోయిన నా భార్య లవోన్ చేతిది దొంగిలించి, చివర ఇంకాస్త అతికించి, తన పేరు పెట్టుకున్నాడన్నాను. అతను, అందరి ముందూ ఆడతాను రండి, అన్నాడు. ఆటలో తొమ్మిదో గని, అంటే తొమ్మిదో అంచె, దాటితే రికార్డింగు అతనిదే, స్కోరు అతనిదే, తప్పుడు అభియోగం మోపినందుకు నేను జడ్జి కుర్చీ దిగాలి. దాటలేకపోతే అతని పేరు బోర్డు మీద ఉండదు. మధ్యలో ఇంకేమీ లేదు. మధ్యలో ఉండేవాటితో నాకు ఎప్పుడూ పని లేదు.

ఆడమంది మార్లా. కిటికీలకు కాగితాలు అంటించారు, మధ్యాహ్నపు ఎండ అంచుల నుంచి మాత్రం లోపలికి వస్తోంది. గోడ మీద టిన్ లాంతరు అనే ఆ ఆట మొదలైంది, ఆ నాలుగు ముక్కల పాట, డబ్బాలాంటి టోపీ పెట్టుకున్న గని కూలీ, అతని చేతిలో లాంతరు, ఏరుకోవాల్సిన రాగి ముద్దలు, గబ్బిలాలు. ఆ పాట వినగానే నా ముక్కుకు కాఫీ మాడిన వాసన వస్తుంది, ఎప్పుడూ వస్తుంది, ఎందుకంటే ఆ పాటను నేను మొదట విన్నది హైవే మీద లారీలు ఆగే హోటల్లో, తీపి రొట్టెలు పెట్టే అద్దాల బీరువా పక్కన ఆ ఆట పెట్టె ఉండేది. అప్పట్లో నేను కౌంటీ మట్టిరోడ్లు చదునుచేసే గ్రేడరు నడిపేవాణ్ణి, ఒళ్లంతా దుమ్ముతో వెళ్లి బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించే మనిషి నాకు వీపు చూపించి ఆడుతూ ఉంది, నేను గొంతు సవరించుకున్నాను, ఆమె తిరగలేదు. "కాఫీ నువ్వే పోసుకో, నేను ఐదో గనిలో ఉన్నాను," అంది. లవోన్ నాతో అన్న మొదటి మాట అది. పోసుకున్నాను. ఆమె ఐదో గని దాటింది, ఆరు దాటింది, ఏడులో చచ్చింది, అప్పుడు తిరిగి చూసి, ఇంకా ఉన్నావా, అంది. ఉన్నాను మరి. ఆమె పోయేదాకా ఉన్నాను, పోయాక కూడా ఉన్నాను, ఇదిగో ఈ మెడ వెనక కూర్చుని ఉన్నాను.

రెండో గని. బాగా ఆడుతున్నాడు, అది ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం అంటే ఇష్టపడటం కాదు. ఆ హోటలు పెట్టె తరవాత తుప్పుపట్టింది, ఎవరో లారీలో వేసుకుపోయారు, దేశంలో పెట్టెలన్నీ అలాగే పోయాయి, కానీ వాటి లోపలి బుర్రను కంప్యూటరులో బతికించే ప్రోగ్రాం వచ్చింది, ఎమ్యులేటర్ అంటారు, దాంతో ఆటలు మళ్లీ లేచాయి. లేచిన ఆటలతో పాటు మోసం కూడా లేచింది. పెట్టెను నెమ్మదిగా నడవమని ఎవరూ చెప్పలేరు, కంప్యూటరుకు చెప్పొచ్చు. చచ్చిన చోట ఆపి, వెనక్కి వెళ్లి, చావనట్టే మళ్లీ ఆడొచ్చు. అందుకే రికార్డింగు, అందుకే జడ్జి. రికార్డింగులో బొమ్మ ఉండదు, ఇది బయటివాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు, అందులో ఉండేది చెయ్యి మాత్రమే. ఏ క్షణాన స్టిక్కు ఎటు వంగింది, ఏ క్షణాన బటన్ నొక్కింది, అంతే. జడ్జి దాన్ని తన కంప్యూటరులో వదిలితే ఆట మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, ఆ చెయ్యే ఆడుతుంది. ఆడినవాళ్లు చచ్చినా ఆడుతుంది. షరతు ఒక్కటే, అక్కడ ఆడినప్పుడు మెమరీలో ఏముందో ఇక్కడా అదే ఉండాలి. కాస్త తేడా ఉన్నా గబ్బిలాలు వేరే దారిన వస్తాయి, చెయ్యి మాత్రం పాత గబ్బిలాలనే తప్పించుకుంటూ పోతుంది, కూలీ వెళ్లి గోడకు గుద్దుకుంటాడు, లేని నిచ్చెన ఎక్కబోయి నీళ్లలో పడతాడు. రికార్డింగు విరిగింది అంటాం. అది రాకుండా ఉండటానికే ఆడేముందు అందరూ మెమరీ తుడుస్తారు, ఇందాక మార్లా తుడిచినట్టు.

లవోన్ తుడవలేదు. మా వంటింటి బల్ల మీద, నేను ప్లైవుడ్‌తో చేసిచ్చిన స్టిక్కు పెట్టె మీద, బడిలో పిల్లలకు వండి వచ్చాక సాయంత్రాలు ఆడేది. మెమరీలో ఆట పెద్ద స్కోర్ల పట్టీ ఉంటుంది, పేరుకు మూడేసి అక్షరాలు, పైనుంచి కిందికి అన్నీ ఆమెవే, అన్నిటికన్నా కింద నావి, మంచుపడి రోడ్లు మూసేసిన ఒక రోజు ఆమె పక్కన నిలబడి ఎటు పొమ్మంటే అటు పోయి సంపాదించినవి. తుడిస్తే నువ్వు పోతావు, అంది. మళ్లీ ఎక్కుతాలే అన్నాను. "ఎక్కలేవయ్యా, నీకు చేతకాదు," అంది. అంత చిన్న కారణం. అందుకని రికార్డింగుతో పాటు తన మెమరీ నకలు కూడా పంపింది, ముందు ఇది పెట్టి తరవాత అది నడపండి అని చెప్పింది. అప్పటికి ప్రపంచంలో ఎవరూ టిన్ లాంతరులో అంత స్కోరు చేయలేదు. అంతకుముందు అందరికన్నా పైన ఉన్నవాడు ఈ కర్టిసే. ఆ ఆటకు జడ్జి కూడా ఇతనే. అప్పట్లో ఒక ఆటకు ఒకడే జడ్జి.

మూడో గని, నాలుగో గని. కర్టిస్ కుడి చెవి మీంచి చెమట కారుతోంది, తుడుచుకోడు, తుడుచుకుంటే చెయ్యి తియ్యాలి. నా పక్కన చిన్న తెర ఉంది, అతను స్టిక్కు ఎటు వంచితే అటు బాణం వెలుగుతుంది, బటన్ నొక్కితే చుక్క వెలుగుతుంది. నేను గోడ మీది ఆటను చూడను, చుక్కలు చూస్తాను. లవోన్ రికార్డింగును తోసిపుచ్చిన రోజు అతను బోర్డు మీద రాసింది నాకు కంఠస్థం. ఆరో గనిలో విరిగింది. పంపిన మెమరీ పెట్టి చూశాను, అయినా విరిగింది. విరగకముందు ఆడింది కూడా ఆట వేగం తగ్గించి ఆడినదే, బడిలో వంటచేసే ముసలావిడ చేతులకు ఇంత వేగం ఎక్కడిది. దాని కింద అందరూ చేరారు, అమ్మమ్మగారూ ఇంట్లో గడియారం కూడా మెల్లగానే తిప్పుతారా, అని ఒకడు, రొట్టె ఉబ్బేలోపు ఒక గని అయిపోతుందేమో అని ఇంకొకడు. లవోన్ నిలబడే చదివింది, చేతులకు పిండి ఉంది. చదివి వెళ్లి చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి ఆ పెట్టె మీద కప్పింది. నేను అరుస్తూనే ఉన్నాను. పోనీలే వెర్ల్, ఆట అది, అంది. ఆ గుడ్డ మళ్లీ తియ్యలేదు.

ఆమె జబ్బు దానివల్ల వచ్చిందని నేను అనను, నాకు పిచ్చి లేదు. కానీ చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద, మందు మత్తులో, కళ్లు మూసుకునే, నేను వేగం తగ్గించలేదు వెర్ల్, అంది. ఒక్కసారే అంది. నాకు ఒక్కసారి చాలు. పాదిరి గారు శవపేటిక దగ్గర క్షమ గురించి చాలాసేపు మాట్లాడారు, మంచి మనిషి, ఆయన భార్య బతికే ఉంది.

ఇంట్లో ఉన్న రికార్డింగును పిడుగు తినేసింది. మా ఇసుక కొండల వైపు పిడుగు పడితే తీగ వెంట ఇంట్లోకి వస్తుంది, కంప్యూటరు లోపల నల్లగా మాడిపోయింది, నేను దాన్ని విప్పి చూసి మూసేశాను. ఆమె చెయ్యి ఇక నా దగ్గర లేదు. ఉన్నది కర్టిస్ పోల్‌మన్ దగ్గరే, పంపినవన్నీ జడ్జి దగ్గర ఉంటాయి. పిడుగు సంగతి ఎవరికీ చెప్పలేదు, నా దగ్గర ఉందనే అందరూ అనుకోవాలి, ఉందనుకున్నంతకాలం అతనికి కాస్తయినా గుండెదడ ఉంటుంది. తరవాత రికార్డింగులు పరీక్షించే విద్య నేర్చుకున్నాను. ఎనిమిది తరగతులకు ఒకే గది, ఒకే పంతులమ్మ ఉన్న పల్లెబడిలో చదివినవాణ్ణి, నాకు కంప్యూటర్లు ఏం తెలుసు, కానీ గ్రేడరు నడిపినవాడికి ఒకే దారిన మళ్లీ మళ్లీ పోయే ఓపిక ఉంటుంది. ఆట వేగం గీత ఎక్కడ వంగుతుందో, అతికించిన చోట బాణాలు ఎలా ఉలిక్కిపడతాయో, మనిషి వేలికీ చిప్పుకూ తేడా ఏమిటో నేర్చుకున్నాను. జడ్జినయ్యాను. నా దగ్గరికి వచ్చిన రికార్డింగులు ఎక్కువగా వెనక్కే పోయాయి, కొందరు ఏడ్చారు, ఒకావిడ నన్ను రాయి అంది. కావచ్చు. వాళ్లంతా నాకు సాధన. నేను ఎదురుచూస్తున్నది ఒక్క మనిషి కోసం, అతను టిన్ లాంతరు మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు ఆడకపోడు.

ఆరో గని. ఇక్కడే విరిగిందన్నాడు. ఇప్పుడు అతని కూలీ ఆ గనిలోంచి నీళ్లు తాగినంత తేలిగ్గా దిగుతున్నాడు. జనం తినడం మానేశారు. ఇన్నేళ్లూ నేను అనుకున్నది ఏమిటంటే, ఇతను ఆమె పంపిన మెమరీని అసలు పెట్టనే లేదని, బద్ధకంతోనో పొగరుతోనో నేరుగా నడిపి, విరగగానే పెట్టి చూశానని అబద్ధమాడాడని. వసంతంలో అతని రికార్డింగు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. మధ్యాహ్నం భోజనం పక్కకు జరిపి దాన్ని నడిపాను. ఎనిమిది గనులు బాగానే ఉన్నాయి, తప్పు పట్టడానికేమీ లేదు, తొమ్మిదో గని వచ్చింది.

తొమ్మిదిలో నీళ్లు కింద నుంచి లేస్తాయి, గబ్బిలాలు పైనుంచి లాంతరు వెలుగు మీదికి వస్తాయి. ఎవరైనా చేసేది నిచ్చెన పట్టుకుని పైకి పరుగెత్తడమే, ఒక ప్రాణం అక్కడ పోవలసిందే, అది ఆ గని సుంకం అనుకుంటారు. లవోన్ లాంతరు ఆర్పేది. ఆర్పే బటన్ మొదటి గనుల్లో నూనె మిగుల్చుకోవడానికని అందరికీ తెలుసు, నీళ్లు లేస్తుంటే ఆర్పాలని ఎవరికీ తట్టలేదు. ఆర్పితే తెర మొత్తం నలుపు, కూలీ కదలడు, గబ్బిలాలకు వెలుగు కనిపించక ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతాయి. ఎంతసేపు ఆగాలన్నదే చిక్కు, ఏమీ కనపడదు, తొందరపడి వెలిగిస్తే గబ్బిలాలు, ఆలస్యమైతే నీళ్లు. ఆమె ఆదివారం పొద్దున రేడియోలో వచ్చే పోల్కా నాట్యపు పాట ఒకటి బొటనవేలితో కొట్టేది, కూలీ గొడ్డలి ఊపే బటన్ మీద, చీకట్లో ఆ బటన్‌కు పని లేదు. వాళ్ల నాన్న ఆ పాటకు చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ల హాల్లో గంతులేసేవాడట. పాట మొదటి వరస అయ్యేసరికి గబ్బిలాలు పోతాయి, అప్పుడు వెలిగించేది. ఆ బొటనవేలు ఒకప్పుడు బడి పొయ్యి దగ్గర కాలి కాస్త బిగుసుకుంది, అందుకని వరస చివర ఒక దెబ్బ ఎప్పుడూ వెనకబడేది, నేను నవ్వేవాణ్ణి, నీ పోల్కా కుంటుతోందే అనేవాణ్ణి. వసంతంలో ఆ మధ్యాహ్నం నా తెర నల్లబడింది, చిన్న చుక్క వెలిగి ఆరి వెలిగి ఆరి పోల్కా కొట్టింది, చివర ఒక దెబ్బ వెనకబడింది. నేను లేచిన లేవడానికి కుర్చీ పడిపోయింది. ఆమె చెయ్యి నా వంటింట్లో మళ్లీ ఆడుతోంది, పైన కర్టిస్ పోల్‌మన్ అని రాసి ఉంది.

ఏడో గని అయింది. ఎనిమిది కూడా అవుతోంది. పడు, అనుకుంటున్నాను, నిచ్చెన మీంచి జారు, నీ చెయ్యి వణకాలి, ఇంట్లో ఒంటరిగా అతికించడం వేరు, నా ఊపిరి మెడ మీద పడుతుంటే ఆడటం వేరు. ఆమె నొప్పితో పళ్లు బిగించినప్పుడు కూడా నేను దేవుణ్ణి ఇంత గట్టిగా అడగలేదు, అప్పుడు అడగడానికి సిగ్గుపడ్డాను, ఇప్పుడు సిగ్గు లేదు. కర్టిస్ భుజం ఎముకలు చొక్కా కింద కదులుతున్నాయి, పని తెలిసినవాడి భుజాలు, నాకు చదునైన రోడ్డు తెలిసినట్టు అతనికి ఈ గనులు తెలుసు. ఎనిమిది దాటాడు. ఎవరో ఈల వేయబోయి ఆపుకున్నారు. తొమ్మిది. నీళ్లు లేచాయి. గబ్బిలాలు దిగాయి. కర్టిస్ లాంతరు ఆర్పాడు.

గోడ నల్లబడింది, దాంతో హాలంతా మసకబడింది. ఆ మసకలో అతని బొటనవేలు బటన్ మీద కొట్టడం మొదలుపెట్టింది. పోల్కా. నా చిన్న తెరలో చుక్క వెలిగింది, ఆరింది, వెలిగింది. చెవితో వింటున్నాను, కంటితో చూస్తున్నాను, పక్కనే ఆ వేలు మాంసంతో, గోరుతో, నా కళ్లముందు కదులుతోంది. దొంగతనం కాదు. అతికించింది కాదు. అతని చెయ్యే. పోయింది, అనుకున్నాను, కుర్చీ పోయింది, ఇన్నేళ్లు పోయాయి, తప్పు చెప్పిన ముసలాడిగా ఈ హాల్లోంచి నడిచి ట్రక్కు దాకా పోవాలి, అందరూ దారి ఇస్తారు, అది ఇంకా ఘోరం. పాట వరస చివరికొచ్చింది. ఒక దెబ్బ వెనకబడింది.

అతని వేలు కాలలేదు. కాలని వేలు కుంటుతోంది. మా పల్లెబడిలో డెలోరిస్ అని ఒకమ్మాయి పక్కపిల్ల లెక్కను దించేది, ఓసారి పక్కపిల్ల ఒక అంకె తప్పురాసి కొట్టేస్తే ఈ పిల్ల ఆ కొట్టివేత కూడా దించింది, పంతులమ్మ రెండు పలకలూ పక్కపక్కన పెట్టి ఏమీ అనకుండా మాకందరికీ చూపించింది. ఇతనికి అది పాటని తెలియదు. చీకట్లో ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు, అందుకని ఉన్నదంతా దించాడు, పాట, కాలిన వేలు, అన్నీ. దించాలంటే చూడాలి. తొమ్మిదో గనిని చూడాలి. ఆరులో విరిగిన రికార్డింగులో తొమ్మిది ఉండదు. అంటే మెమరీ పెట్టాడు, అది విరగలేదు, చివరిదాకా నడిచింది, చూశాడు, చూసి విరిగిందని రాశాడు. బద్ధకం కాదు, పొగరు కాదు. తెలిసే రాశాడు. పైగా ఒక్కసారి చూస్తే ఇంత రాదు, ఏళ్ల తరబడి చూసి ఉండాలి, రోజూ పని నుంచి ఇంటికొచ్చి ఆమెను నడిపించుకుని ఉండాలి. నేను ఖాళీ వంటింట్లో డబ్బా సూపు వేడిచేసుకుంటున్నప్పుడు నా భార్య చెయ్యి ఇతని ఇంట్లో ఆడుతూ ఉంది. దొంగిలించి ఉంటే ఇంతకన్నా నయం.

వెలిగించాడు. గబ్బిలాలు లేవు. హాలు లేచి నిలబడింది, నేను లేవలేదు. పది, పదకొండు ఆడాడు, పన్నెండులో ప్రాణాలన్నీ అయిపోయాయి, ఇక అవసరం కూడా లేదు. మార్లా నా వైపు చూసింది, ఆమె చూపులో జాలి ఉంది, దాన్ని పక్కన పెట్టాను. లేచి చెప్పవలసింది చెప్పాను, చెయ్యి అతనిదే, రికార్డింగు అతనిదే, స్కోరు నిజమైనది, నా అభియోగం తప్పు, కుర్చీ దిగుతాను, కాకపోతే పరీక్ష ముగిసేదాకా జడ్జిని నేనే. చప్పట్లు కొట్టారు. కర్టిస్ తిరిగి చెయ్యి చాపాడు, కళ్లు తడిగా ఉన్నాయి, నడివయసు మనిషి, పొట్ట, పరీక్ష పాసైన పిల్లాడి మొహం. చెయ్యి అందుకోలేదు.

"పేరు చెప్పు," అన్నాను.

మా వాళ్లలో అది ఆచారం. అందరి ముందూ గెలిచినవాడు తెరకు వీపు పెట్టి నిలబడి, ఏ ఎత్తు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో పేరు పేరునా చెప్పాలి, చెప్పకుండా మింగి తరవాత దొరికిపోతే వాడితో ఎవరూ ఆడరు. కర్టిస్ ఉత్సాహంగా చెప్పాడు, రెండో గని అడ్డదారి ఒమాహాలో ఒకాయనదని, ఐదోది తన తమ్ముడిదని, ఎనిమిదోది తనే కనిపెట్టానని. ఆగాడు. తొమ్మిదో గనిలో లాంతరు ఆర్పడం ఎవరిది, అని అడిగాను, గొంతు పెంచకుండానే అడిగాను. నా కళ్లలోకి చూశాడు. నాది అని ఉండొచ్చు. నా దగ్గర రికార్డింగు లేదని అతనికి తెలియదు, అతను లెక్క వేసుకోవడం నాకు కనిపించింది, ఆ తరవాత లెక్క వదిలేయడం కూడా కనిపించింది. సంతోషంలో ఉన్నాడు, సంతోషంలో మనిషి వదులవుతాడు, మంచివాడు కావాలనిపిస్తుంది.

"మీ ఆవిడది, వెర్లిన్‌గారూ. లవోన్‌గారిది. నేను చూసినవాటిలో అంత అందమైంది ఇంకోటి లేదు. మీతో ఎప్పట్నించో చెబుదామనుకుంటున్నా."

ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. మార్లా కొట్టలేదు.

"తొమ్మిదో గనా కర్టిస్," అంది. "ఆరులోనే విరిగిందన్నావు కదా."

వెనక ఉన్న ఆట తెరలో కూలీ మళ్లీ మొదటి గనిలో నిలబడి ఎవరైనా ఆడతారేమోనని చూస్తున్నాడు. చివరికి కర్టిస్ చెప్పాడు, నేలకేసి చూస్తూ చెప్పాడు, అప్పుడు తనే పైన ఉండేవాడినని, ఇంకొక్క ఏడాది ఉండి తరవాత సరిచేద్దామనుకున్నానని, ఈలోపు ఆవిడ ఆడటం మానేశారని, ఆ తరవాత పోయారని, పోయాక ఎవరితో ఏమని చెప్పాలో తెలియలేదని. ఎవరితోనా. నా ఇంటి నంబరు అతనికి తెలుసు. ఇందాక ఉప్పు గురించి అన్నవాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నిజమైన రికార్డింగును నిజమని తెలిసీ తోసిపుచ్చిన జడ్జి పేరు మీద ఒక్క స్కోరు కూడా బోర్డు మీద ఉండకూడదు. ఇది నేను రాసింది కాదు, నాకన్నా పాతది, కింద సంతకాల్లో అతనిదీ ఉంది. మార్లా నన్ను కాఫీ డబ్బా దగ్గరికి తీసుకెళ్లింది. లవోన్ రికార్డింగు కర్టిస్ దగ్గరుంది కాబట్టి ఇవాళే తెప్పించి, ఆమె స్కోరు పైన పెడదామంది. అతని పాతవన్నీ తీసేద్దామంది. ఇవాళ ఆడి రుజువు చేసుకున్న వసంతపు స్కోరు, ఆ ఒక్కటీ ఉంచుదామంది, దానికి అతను ఏళ్లు ధారపోశాడు, అది అబద్ధం కాదు, మన కళ్లతో మనం చూశాం, పైగా ఆమె పేరు చెప్పాడు, చెప్పకపోయినా మనం ఏమీ చేయలేకపోయేవాళ్లం.

"లవోన్ ఉంటే ఉండనిమ్మనేది, వెర్ల్," అంది.

"ఉంటే," అన్నాను.

వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పరీక్ష ముగించే రాత జడ్జి చేతిది, నేను ఇంకా జడ్జినే. బోర్డు గోడ మీద కనిపిస్తోంది, నేను ఏం చేస్తే అది అందరూ చూస్తారు, చూడాలనే గోడ మీద వదిలాను. ముందు టిన్ లాంతరులో లవోన్ పేరు రాశాను, ఆమె స్కోరు నాకు ఎక్కడా చూడనక్కర్లేదు. అది ఎక్కింది, కర్టిస్ కింద రెండో చోట. తరవాత అతని ఆటలు ఒక్కొక్కటే తెరిచి తీసేస్తూ వచ్చాను, గుర్తున్నవీ లేనివీ, జీవితంలో సగం సాయంత్రాలు, ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా కింది పేర్లు ఒక మెట్టు పైకి జరిగాయి. పంతులమ్మ పలక తుడిచినట్టే ఉంది, అందులో కోపం లేదు, కోపం ఎప్పుడో అయిపోయింది, ఇది దాని తరవాత మిగిలింది. చివరికి ఒక్కటి మిగిలింది. ఆమెది నిజమైన స్కోరు, దాన్ని అతను తీశాడు. ఇదీ నిజమైన స్కోరే. అబద్ధపు స్కోర్లు తీసేస్తే అది దానికి బదులు కాదు, అలాంటివి రోజూ తీస్తూనే ఉంటాను, అది నా పని.

కర్టిస్ వచ్చి నా కుడి భుజం వెనక నిలబడ్డాడు. అరవలేదు. అరిస్తే తేలికయ్యేది, అతనికి.

"అవన్నీ తీసెయ్యండి, నేనేమీ అనను. కానీ ఇది మాత్రం నేనే ఆడాను వెర్లిన్‌గారూ. నా చేత్తో. మీరు వెనకే కూర్చున్నారు, చూశారు కదా."

"చూశాను," అన్నాను, తీసేశాను.